సగానికి మరిగిన నీళ్ళు

పసిపిల్ల పాలకు నీళ్ళు ఎలా కాచాలో చూడామణికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎన్నో కషాయాలు కాచిన చెయ్యి అది. గిన్నె నిండా నీళ్ళు పోసి, సన్నని సెగ మీద పెట్టి, అవి సగానికి దిగేదాకా పక్కనే పీట వేసుకుని కూర్చునేది. మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడమని పాలడబ్బా మీద ఉంది. ఆసుపత్రిలో నర్సు కూడా అంతే చెప్పింది. కానీ ఒక పొంగు వచ్చాక గిన్నె దించేస్తే చూడామణికి మనసొప్పేది కాదు. బడిలో పాఠం చెప్పిన రోజుల్లోనూ అంతే. పిల్లలకి ఒకసారి వచ్చిన ఎక్కాన్ని మళ్ళీ ఒకసారి చెప్పించుకుంటేగానీ వదిలేది కాదు.

పిల్ల పేరు ఆశ్రిత. మూడో నెల. తల్లి కౌముది లేదు. పురుటి మంచం దిగకముందే జ్వరం వచ్చింది, ఎన్ని ఆసుపత్రులు తిప్పినా తగ్గలేదు. అంతకుమించి ఆ సంగతి చూడామణి ఎవరితోనూ మాట్లాడేది కాదు. అడిగినవాళ్ళకి "జ్వరం" అని ఒక్క మాట చెప్పి, చేతిలో పని చూసుకునేది.

అల్లుడు శ్రీనాథ్‌ది రాజాం. అక్కడే జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. కర్మకాండలయ్యాక అతని తల్లి పిల్లని తీసుకుపోతామంది. "వదినగారు దుఃఖంలో ఉన్నారు. ఈ వయసులో పసిగుడ్డుని ఎలా సాకుతారు?" అని ఆవిడ అన్న మాట మంచికే అన్నదైనా చూడామణి చెవిన పడింది. కన్నకూతురి పెళ్ళిలో కూడా అల్లుణ్ణి ఏమీ అడగని మనిషి అప్పుడు అడిగింది.

"అన్నప్రాశన దాకా నా దగ్గర ఉంచు బాబూ. శ్రీకూర్మంలో స్వామి ఎదుట అన్నం ముట్టించి, నేనే తెచ్చి మీ అమ్మగారి ఒళ్ళో పెడతాను."

శ్రీనాథ్ సరేనన్నాడు. ప్రతి ఆదివారం బండి మీద వచ్చి పిల్లని చూసి, ఫోటో తీసి తల్లికి పంపేవాడు. ఆ ఫోటోలో పిల్ల బొద్దుగా కనబడాలని చూడామణి ముందునాటి నుంచీ ఆరాటపడేది.

వాళ్ళ ఊరు రేవువలస నాగావళి ఒడ్డున ఉంది. చూడామణి భర్త అప్పలనరసింహం అక్కడి వేణుగోపాలస్వామి గుడి అర్చకుడు. తెల్లవారకముందే ఏటికి వెళ్ళి మునిగి, తడిబట్టతోనే ఇసకలో గుంట తోడి, అందులో ఊరిన చెలమ నీళ్ళు రెండు బిందెలు తెస్తాడు. ఒకటి స్వామి అభిషేకానికి, ఒకటి ఇంట్లో మడికి. ఇంటి ముందు కుళాయి ఉంది. వీధి చివర మినరల్ వాటర్ టిన్నులూ అమ్ముతారు. ఆ ఇంట్లో తాగడానికీ వంటకీ మాత్రం ఆయన మడితో తెచ్చిన ఏటినీళ్ళే. మనవరాలి పాలలోకీ అవే.

ఏరు మునుపటిలా లేదన్నది ఊళ్ళో అందరికీ తెలుసు. ఒడ్డు పొడుగునా రబీకి మొక్కజొన్న వేయడం మొదలైనప్పటి నుంచి, మాఘమాసం వచ్చి పాయ సన్నబడేసరికి మడుగులు ఆకుపచ్చగా చిక్కబడుతున్నాయి. నాచు జుట్టులా కాళ్ళకి చుట్టుకుంటుంది. దిగిన గేదె పచ్చటి చారలతో పైకొస్తుంది. ఈ ఏడు మరీ ఎక్కువైంది. ఒకనాటి వేకువన చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం ఎగబోయడం అప్పలనరసింహం చూశాడు. మర్నాటికి అవి వెల్లకిలా తేలి ఉన్నాయి.

ఆ నీళ్ళు స్వామి నెత్తిన పోయడానికి ఆయనకి చేతులు రాలేదు. చెలమ చోటు మార్చాడు. పాయకి దూరంగా, ఒడ్డువారకి జరిగి, మొక్కజొన్న చేల కిందుగా ఇసక తోడాడు. అక్కడ నీరు ఇట్టే ఊరింది. అడుగున ఒక్కొక్క ఇసకరేణువు కనబడేంత స్వచ్ఛంగా ఉంది.

"మనకోసం దాచి ఉంచినట్టున్నాయి చూడామణీ" అన్నాడు బిందె దించుతూ. దుఃఖం వచ్చినప్పటి నుంచి ఆయన సంతోషంగా అన్న మొదటి మాట అది. చూడామణి దోసిట్లో పోసుకుని వాసన చూసింది. పుక్కిట పట్టింది. ఏ వంకా కనబడలేదు.

*

దానమ్మ ఇంటివాళ్ళు ఏటిలో వల వేసి బతికినవాళ్ళు. ఇప్పుడు ఏటిలో చేప లేక, దానమ్మ సముద్రపు చేప కొని ఊళ్ళో అమ్ముతోంది. ఆ రోజు బుట్ట వీధిలోనే దించి, అరుగు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసింది.

"ఏటి పంతులమ్మా, నీల్లు కూడా వండుతన్నావేటి?"

"సగానికి దిగాలి దానమ్మా. అప్పుడుగానీ చంటివాళ్ళకి పనికిరావు."

"మా కోడలు గిన్ని ఇలా పెట్టి అలా దించీస్తాది. ఈ కాలం గుంటలకి తొందర."

"అలా అయితే ఎలా? చెప్పు తనకి."

"నువ్వే సెప్పు తల్లీ. నాను సెప్తే మా అత్త కాడి నుంచీ తవ్వి నా నెత్తినే పోస్తాది."

దానమ్మ కోడలు అనూరాధకి పాలు చాలవు. ఆమె చంటికొడుక్కీ డబ్బాపాలే. చూడామణి ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి, గిన్నె లోపల గోటితో చూపించింది, నీళ్ళు ఇక్కడి నుంచి ఇక్కడికి దిగాలని. కుళాయి నీళ్ళు వాసన వస్తున్నాయని వాళ్ళంటే, పంతులుగారు తోడిన చెలమ నుంచే తెచ్చుకోమంది. చిన్నప్పుడు ఆవిడ దగ్గరే అక్షరాలు దిద్దిన అనూరాధ, ఎదురు మాట్లాడకుండా తలూపింది.

ఆ వారంలోనే కౌలుదారు జగన్నాధం వచ్చాడు. చూడామణికి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం చెక్క ఒకటి ఏటి ఒడ్డున ఉంది. దాన్ని అతను చేస్తున్నాడు.

"అమ్మగోరూ, రేపు యూరియా లారీ వస్తాదట. బూమి మీ పేరన ఉన్నాది. మీరొచ్చి ఏలిముద్ర ఏస్తేగాని బస్తా ఇవ్వరు."

పిల్లని భర్తకి అప్పగించి చూడామణి వెళ్ళింది. రైతు కేంద్రం ముందు జనం తమకి బదులు చెప్పులు వరసలో పెట్టి, నీడన కూర్చున్నారు. చూడామణి కూడా చెప్పులు విడిచి వరసలో పెట్టింది.

"పంతులమ్మగోరి జోళ్ళే లైన్లోకి వచ్చీసినాయి, ఇంక మనకేటి సిగ్గు!" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆవిడ కూడా కొద్దిగా నవ్వింది.

"ఇన్ని బస్తాలు అవసరమా జగన్నాధం?"

"ఆకు పసుపు తిరిగితే నా గుండి ఆగిపోతాదండి. పక్కోడు నా కన్న ఎక్కువ ఏసి పచ్చగా నిలబెడితే నాను సూస్తా ఊరుకుంటానా? ఇసక నేల కదా, ఎంత ఏసినా నీరు కట్టగానే కిందికి దిగిపోతాది."

"దిగి ఎక్కడికి పోతుంది?"

"బూమిలోకే కదండీ!" అన్నాడు జగన్నాధం, పంతులమ్మ ఇంత తెలియని ప్రశ్న అడిగిందేమిటా అన్నట్టు.

*

కొన్నాళ్ళకి పిల్ల పెదాల రంగు తగ్గింది. చలి అనుకుంది చూడామణి. ఒళ్ళంతా నూనె రాసి, సాంబ్రాణి పొగ వేసి, టోపీ పెట్టింది. పిల్ల ఏడవడం మానేసింది. పాలు తాగి పడుకుంటే మళ్ళీ లేపాల్సి వచ్చేది. "బంగారుతల్లి, అమ్మమ్మని కష్టపెట్టదు" అని ముద్దుచేసింది. ఫోనులో శ్రీనాథ్‌కి కూడా అదే చెప్పింది, "చక్కగా నిద్రపోతోంది బాబూ" అని.

ఒకరోజు పిల్ల తాగిన పాలు కక్కింది. విరేచనం పల్చగా అయింది. నీళ్ళలోనే ఏదో దోషం మిగిలిపోయిందని చూడామణికి తోచింది. ఆ రోజు నుంచి సగం చాలదని, గిన్నెలో పావు వంతు మిగిలేదాకా మరిగించింది. జబ్బు ముదిరితే కషాయం చిక్కన చేయడం ఆ ఇంటి పద్ధతి. పొయ్యి దగ్గర చెమటలు కారుతున్నా లేచేది కాదు.

ఆదివారం పొద్దున్న దానమ్మ అరుగు మీది నుంచే చూసి ఆగిపోయింది.

"పంతులమ్మా, గుంట పెదాలేటి నేరేడుపండు తిన్నట్టున్నాయి?"

"కాటుక అంటుకుంది" అంది చూడామణి. కొంగుతో తుడిచింది. కొంగుకి ఏమీ అంటలేదు. మళ్ళీ తుడిచింది.

శ్రీనాథ్ బండి అప్పుడే వాకిట్లో ఆగింది. పిల్లని చేతుల్లోకి తీసుకున్నవాడు ఫోను బయటికి తియ్యలేదు. వేళ్ళు విప్పి గోళ్ళు చూశాడు. "అత్తయ్యా, పదండి" అన్నాడు. ఊళ్ళో ఉన్న కారు మాట్లాడుకుని రాజాం వెళితే, అక్కడి డాక్టరు పిల్లని చూసిన వెంటనే, ఇక్కడ ఆగొద్దు, శ్రీకాకుళం తీసుకుపొమ్మన్నాడు. దారి పొడుగునా చూడామణి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది.

పిల్లల ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. రంగు మారలేదు. రక్తం తీశారు. సిరంజిలోకి వచ్చినది ఎర్రగా లేదు, కాఫీ డికాక్షనులా ఉంది. అది చూసి డాక్టరమ్మ వెంటనే నర్సుని ఏదో మందు తెమ్మంది. నీలంగా మారిన పిల్ల నరంలోకి సిరా లాంటి నీలం మందే ఎక్కించారు.

చూడామణి గోడకి ఆనుకుని నిలబడింది. ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. కౌముదిని చూడడానికి కూడా ఇలాగే ఒక గోడ దగ్గర నిలబడిన సంగతి గుర్తొస్తుంటే, ఆ ఆలోచనని పక్కకి నెట్టి పిల్ల పెదాలనే చూసింది. చాలాసేపటికి పెదాల అంచున ఎరుపు తిరిగింది. తరవాత బుగ్గల మీదికి వచ్చింది. ఇన్నాళ్ళూ ఏడవని పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. "గండం గడిచిందండి. పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నారు?"

"ఏటి చెలమ నీళ్ళమ్మా. చాలా స్వచ్ఛంగా ఉంటాయి. సగానికి మరిగిస్తాను. ఈ నాలుగు రోజుల నుంచీ పావుకి."

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టింది. శ్రీనాథ్ వైపు తిరిగి, "మీరేం చేస్తారు?" అని అడిగింది.

"కెమిస్ట్రీ చెబుతానండి."

"అయితే మీరే చెప్పండి" అని లేచి, వెళ్తూ చూడామణి భుజం మీద చెయ్యి వేసింది.

శ్రీనాథ్ అత్తగారిని కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాడు. "ఏటి ఒడ్డునంతా యూరియా వేస్తారు కదత్తయ్యా. పైరు తీసుకోగా మిగిలినది భూమిలో నైట్రేటు అవుతుంది. నీళ్ళతో పాటు కిందికి దిగుతుంది. దానికి రంగూ వాసనా లేవు. ఇసక దాన్ని ఆపలేదు. పెద్దవాళ్ళు తట్టుకుంటారు గానీ, పసివాళ్ళ రక్తంలో చేరితే ఆ రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు."

"మరిగిస్తే?"

అతను పిల్ల మంచం వైపు చూశాడు.

"చెప్పు బాబూ."

"నీరు ఆవిరైపోతుంది. అది పోదు."

చూడామణికి ఇంకేమీ చెప్పక్కరలేకపోయింది. నౌపడ ఉప్పుమళ్ళు చూపించడానికి బడిపిల్లల్ని రైల్లో తీసుకెళ్ళి, మడి గట్టు మీద నిలబెట్టి, నీరు పోయి ఉప్పు ఎలా మిగులుతుందో చెప్పిన మనిషి ఆవిడే.

"పచ్చటి నీళ్ళు వద్దని, బాగున్నవి వెతికి తెచ్చారు మీ మావయ్యగారు" అంది.

"పాయలో ఉన్నదాన్ని నాచు కొంత తినేస్తుంది. దానివల్లే అంత పచ్చన. చెలమలోకి వచ్చేది చేల కింది ఊట. అది అలాగే వచ్చేస్తుంది." శ్రీనాథ్ తల వంచుకున్నాడు. "ప్రతి ఆదివారం వచ్చాను. ఏ నీళ్ళు వాడుతున్నారని ఒక్కసారి అడగలేదు. ఏటా క్లాసులో చెప్పే పాఠమే."

అతను కోప్పడి ఉంటే చూడామణికి సుఖంగా ఉండేది.

హఠాత్తుగా ఆవిడ లేచి నిలబడింది. "ఫోను ఇలా ఇవ్వు. అనూరాధ..."

దానమ్మ ఎత్తింది. "సంటిది ఎలాగున్నాది తల్లీ? ఊరంతా నీ గురించే..."

"దానమ్మా, అనూరాధ పిల్లాడికి పాలు పట్టిందా?"

"ఇప్పుడే కలుపుతన్నాది."

"పారబొయ్యమను."

"ఏటి?"

"ఆ పాలు పారబొయ్యమను. చెలమ నీళ్ళు వద్దు. ఆ నీళ్ళే మా పిల్లని ఇలా చేశాయి."

"నీల్లా? నువ్వే కదా తల్లీ ఆ నీల్లే తెచ్చుకోమన్నావు, సగానికి మరగబెట్టమన్నావు..."

"నేనే చెప్పాను. తప్పు చెప్పాను. పిల్లాడి పెదాలు ఎలా ఉన్నాయో చూడు."

అవతల "ఒసే అనూరాదా, ఆగే! పట్టకే!" అన్న కేక వినబడింది. ఏదో గిన్నె దొర్లింది. కాసేపటికి దానమ్మ గొంతు సన్నగా వచ్చింది. "నాకు తెలవడం లేదు పంతులమ్మా. ఈడు పుట్టు నలుపు. ఏ నలుపో నాకెలా తెలస్తాది?"

"బేగి తీసుకొచ్చెయ్యండి" అంది చూడామణి. ఆవిడ నోట ఆ ఊరి మాట రావడం శ్రీనాథ్ ఎన్నడూ వినలేదు.

*

అనూరాధ కొడుక్కి అంత ముదరలేదు. నీళ్ళు మారిస్తే చాలునన్నారు, అయినా రెండు రోజులు ఉంచుకున్నారు. వరండాలో దానమ్మ చూడామణి ఎదురుగా నిలబడి అనాల్సింది అనేసింది.

"ఊళ్ళో రెండు తరాల గుంటలకి సెప్పినావు. మా ఇంటికొచ్చి మరీ సెప్పినావు. నువ్వు సెప్పినావనే కదా ఇన్నాం!"

"అవును" అంది చూడామణి.

దానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. వెళ్ళి రెండు టీలు తెచ్చి, ఒకటి ఆవిడ చేతిలో పెట్టి పక్కన కూలబడింది.

మర్నాడు చూడామణి పిల్ల బట్టల కోసం ఊరికి వెళ్ళింది. భర్త వాకిట్లోనే ఎదురయ్యాడు. జరిగింది చెబితే ఆయన అరుగు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"మా తాతగారి నాటి నుంచీ స్వామికి ఆ ఏటి నీళ్ళే."

"స్వామి సంగతి నాకు తెలీదండీ. తీర్థం మాత్రం చంటిపిల్లల నోట్లో వెయ్యకండి."

"నా చేత్తో తోడి తెచ్చాను" అన్నాడాయన. గుడి వైపు వెళ్ళిపోయాడు. సాయంత్రం ఏటికి వెళ్ళి చెలమ పూడ్చి వచ్చాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

చూడామణి ఇల్లిల్లూ తిరిగింది. చంటిపిల్లలున్న ఇళ్ళకీ, నెలలు నిండిన కోడళ్ళున్న ఇళ్ళకీ వెళ్ళి, వాకిట్లో నిలబడే చెప్పింది. కొందరు విన్నారు. కొందరు, పాపం కూతురు పోయినప్పటి నుంచి ఆవిడ మనసు మనసులో లేదన్నట్టు చూశారు.

జగన్నాధం చేనుగట్టు మీద కలిశాడు. "రేపు ఇంకో లారీ వస్తాదట అమ్మగోరూ."

"ఈసారి నేను రాను. పశువుల గత్తం తోలించు. కావాలంటే కౌలు తగ్గించుకో."

"కంకి పాలు పోసుకునే ఏలకి గత్తం ఏసి ఏటి లాభమండి? మీ ఒక్క చెక్కలో మానేస్తే ఏరు బాగుపడిపోతాదేటి? పైన పాలకొండ దాకా మొక్కజొన్నే. ఆల్లందరి ఏలిముద్రలూ ఆపీగలరా?"

అది తన వల్ల కాదు. అతను అబద్ధం చెప్పలేదు. అతని పిల్లలూ ఆ చేను మీదే చదువుకుంటున్నారు. "సంటిది బాగున్నాదా?" అని అడిగాడు జగన్నాధం, గొంతు తగ్గించి. బాగుందని చెప్పి ఆవిడ బస్సు కోసం నడిచింది.

ఆసుపత్రి నుంచి పంపేరోజు రాజాం నుంచి శ్రీనాథ్ తల్లి కూడా వచ్చింది. పిల్ల మంచం పక్కన కూర్చుని కాళ్ళు నిమురుతోంది. ఆవిడకి అంతా తెలుసు.

శ్రీనాథ్ అత్తగారిని పక్కకి పిలిచాడు. "అన్నప్రాశన దాకా అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను అత్తయ్యా. టిన్ను నీళ్ళు తెప్పించుకుంటే చాలు. పిల్లని రేవువలసకే తీసుకెళ్ళండి."

చూడామణి పిల్ల వైపు చూసింది. ఈ ఒక్క మాట కోసమే ఆవిడ ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర కూర్చుంది. తీసుకెళ్ళొచ్చు. నీళ్ళు మార్చడం ఎంతసేపు? కానీ పిల్ల పెదాల రంగు తగ్గితే చలి అనుకుంది. నోరెత్తకపోతే బుద్ధిమంతురాలు అనుకుంది. జబ్బు పెరిగినకొద్దీ విషం పెంచింది. చేసిన ప్రతి పనీ పూర్తి నమ్మకంతో చేసింది. రేపు మళ్ళీ ఏ నమ్మకంతో ఏం చేస్తుందో తనకే తెలియదు.

"తీసుకెళ్ళు బాబూ" అంది.

"అత్తయ్యా..."

"నేను చూడ్డానికి వస్తాను. నీలాగే, ఆదివారాలు."

శ్రీనాథ్ తల్లి లేచి చేతులు చాచింది. చూడామణి, పిల్ల ఏ వేళకి ఎన్ని పాలు తాగుతుందో, ఏ పక్కకి తిప్పితే నిద్రపోతుందో చెప్పింది. ఆవిడ శ్రద్ధగా విని, "డబ్బా ఇంట్లో తెచ్చి ఉంచాం వదినగారూ. దిగులు పెట్టుకోకండి" అంది.

"మీ ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివి వదినగారూ?"

"కుళాయివే. మంచినీళ్ళు."

"ఆ కుళాయికి ఎక్కడి నుంచి వస్తాయి?"

శ్రీనాథ్ తల్లి కొడుకు వైపు చూసింది. "తెలీదు. కనుక్కోవాలి" అన్నాడు.

"అయితే కనుక్కున్నాకే కలపండి. అంతవరకూ సీసా నీళ్ళు కొనండి" అంది చూడామణి. అతను తలూపేదాకా ఆగింది. తరవాత పిల్లని అందించింది.